మా సెంటర్‌కి ఎవరూ రాలేదట

కరోనా తగ్గిన మరుసటి ఏడు, అంటే 2022లో, భవానీపురంలో ఒక అద్దె మేడ కింది వాటాలో మైనారిటీల వ్యాపారాలకి సాయం చేసే సెంటర్ ఒకటి తెరిచారు. నేను అందులో అటెండర్‌గా చేరాను. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. పని గవర్నమెంటుది, చేసే మనిషి మాత్రం గవర్నమెంటు మనిషి కాదు. నా పేరు కోటేశ్వరమ్మ. మాది కంకిపాడు దగ్గర పల్లె. మా ఆయన పోయాక గేదెల్ని పెట్టుకుని పదకొండేళ్ళు ఇంటింటికీ పాలు పోశాను. మోకాళ్ళు మొరాయించాక గేదెల్ని అమ్మేసి బెజవాడ వచ్చాను. అప్పటికి నాకు నా సంతకం తప్ప ఇంకో అక్షరం రాదు. ఇది నేను చెబుతుంటే మా పక్క వాటా టీచర్ గారు రాస్తున్నారు. నేను కోపంగా చెప్పిన చోట మెత్తగా రాయొద్దని ముందే మాట తీసుకున్నాను.

అటెండర్ అంటే టీ తెచ్చే మనిషి అనుకుంటారు. టీ తెస్తాం, నిజమే. కానీ తాళాలు మా దగ్గరే ఉంటాయి. ఎవరు ఏ మొహంతో లోపలికి వచ్చారో, ఏ మొహంతో బయటికి వెళ్ళారో చూసేది మేమే. సార్లు కాగితం చూస్తారు.

ఆ సెంటర్‌కి డబ్బు గవర్నమెంటు ఇచ్చేది. ముస్లింలు, క్రైస్తవులు ఎవరైనా చిన్న వ్యాపారం పెట్టుకుంటే వాళ్ళకి రిజిస్ట్రేషన్ చేయించాలి, లోను కాగితాలు నింపాలి, సరుకు ఎక్కడ అమ్ముకోవాలో చెప్పాలి. వెనక షెడ్డులో అందరూ వంతులవారీగా వాడుకునే మెషిన్లు పెట్టాలి. అదీ వాళ్ళు గోడ మీద రాయించిన మాట. మా మరిది ఒకసారి ఇంటికొచ్చి ఎకసెక్కెంగా అన్నాడు, "ఏంటొదినా, మన డబ్బంతా వాళ్ళకి పంచిపెట్టే ఆఫీసులో చేరావంట?"

"పంచేది డబ్బు కాదయ్యా, అప్లికేషన్లు. కావాలంటే నీక్కూడా ఒకటి తెస్తా, నింపి చూడు. సాయంత్రానికి నువ్వే పారిపోతావు" అన్నాను.

షెడ్డులో మూడు మెషిన్లు దిగాయి. రెండు మూలన పడి ఉన్నాయి, వాటికి కావాల్సిన కరెంటు లైను ఇవ్వలేదు. మూడోది కార్డింగ్ మెషిన్, దూది ఏకే యంత్రం. ముద్దకట్టిన పాత దూదిని పళ్ళున్న రోలర్ల మధ్య నుంచి లాగి, పాల మీద నురగలా విడదీసి అవతల పడేస్తుంది. దానికి ధూళిని పీల్చుకునే గొట్టం ఒకటి ఉంది. నా మటుకు నాకు ఆ సెంటర్ మొత్తంలో పనికొచ్చే వస్తువు ఆ గొట్టమే. ఎందుకో చెబుతాను.

మస్తానమ్మ మొదటిసారి వచ్చినప్పుడు జుట్టు నిండా దూది. నలభై దాటిన మనిషి, దూదేకులవాళ్ళు. వాళ్ళ తాతలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాళ్ళట. ఈమె కాలానికి అద్దె మెషిన్ ఒకటి ఇంట్లోనే పెట్టుకుని పరుపులు కుట్టేది. ఇల్లంటే ఒకటే గది. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే దూది. ఆమె భర్త బాషా గారు ఇరవై ఏళ్ళు ఆ ధూళిలో పని చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చుంటాడు. డాక్టర్ ఒకటే మాట చెప్పాడట, దూది ఏకే చోట ఈ మనిషి ఉండకూడదని.

"ఆయన్ని ఇంట్లోంచి పంపలేను గదక్కా, అందుకని దూదిని పంపేద్దామని వచ్చా" అంది మస్తానమ్మ.

ఆమెతో పాటు మరో పదిమంది ఆడవాళ్ళు అలవాటయ్యారు. దిళ్ళు కుట్టేవాళ్ళు, బొంతలు కుట్టేవాళ్ళు. అందులో రెబ్బెకమ్మ అని ఒకావిడ ఉండేది, చర్చిల్లో వేసే మెత్తలు కుట్టేది. వాళ్ళ పనికి ఒక పద్ధతి ఉంది. దూది ఏకడం గాలి లేవకముందే అయిపోవాలి. ఎండెక్కి ఏటి గాలి తిరిగితే దూది షెడ్డంతా ఎగురుతుంది, సగం నష్టం. ఫ్యాను వేయడానికి ఉండదు. అందుకని ఆరున్నరకి వచ్చి తొమ్మిదిన్నరకల్లా మూటలు కట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

మా మేనేజర్ గారు పదకొండున్నరకి వచ్చేవాడు. అదీ వచ్చిన రోజున.

ఆరున్నరకి తెరవమంటారా అని నేను అడిగే తెరిచాను. "తెరుచుకో కోటేశ్వరమ్మా, నాకు మాత్రం ఫోన్ చెయ్యొద్దు" అన్నాడు. సరే. ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. విజిటర్స్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది. వచ్చిన మనిషి పేరు, ఫోను, పని ఏమిటి, సంతకం. ఆ పుస్తకం మేనేజర్ గారి టేబుల్ సొరుగులో తాళం వేసి ఉండేది. ఆయన ఎదురుగా తప్ప ఎవరూ రాయకూడదు.

"సార్, ఆ పుస్తకం నా దగ్గర పెట్టండి. పొద్దున వచ్చేవాళ్ళ చేత రాయిస్తా" అని చేరిన రెండో నెలలోనే అడిగాను.

"నువ్వేం చూస్తావమ్మా? వాళ్ళు తప్పు రాస్తే నీకు తెలుస్తుందా? తేదీ చదవగలవా? అది ఆడిట్‌కి వెళ్ళే పుస్తకం, నీ పాల పుస్తకం కాదు" అన్నాడు. అక్కడున్న ఇద్దరు నవ్వారు.

నాకు సిగ్గేసింది. నోరు మూసుకున్నాను. మళ్ళీ అడగలేదు. ఆడవాళ్ళకి మాత్రం "సారు వచ్చాక ఒకసారి వచ్చి సంతకం పెట్టిపోండి" అని చెప్పేదాన్ని. పొద్దున్నే లేచి పిల్లలకి వండి, దూది ఏకి, తలమీద మూటతో ఇంటికి పోయిన మనిషి సంతకం కోసం మధ్యాహ్నం మళ్ళీ వస్తుందా? నేనైతే రాను. వాళ్ళూ రాలేదు.

కానీ పదకొండేళ్ళు పాలు పోసిన చెయ్యి ఊరుకోదు. చదువు రాకపోయినా నేను ఏ ఇంటివాళ్ళతోనూ గొడవ పడలేదు, ఎందుకంటే వాళ్ళ గుమ్మం పక్కన పోసిన పూటకొక గీత ఉండేది. సెంటర్ షెడ్డులో బంగారు కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ వేలాడుతుండేది. మేకుకి దారం కట్టి పెన్సిల్ వేలాడదీశాను. ఎవరు వస్తే వాళ్ళే ఆ రోజు గడిలో ఒక గీత గీయాలి.

"ఏంటక్కా, మమ్మల్ని కూడా పాలల్లే లెక్కేస్తన్నావా?" అంది మస్తానమ్మ.

"మరి! నువ్వు నీళ్ళు కలపని సరుకువి, నీకు గీత పెట్టకపోతే ఎట్టా?"

"అయితే నా గీత కొంచెం పొడుగ్గా గీసుకుంటా" అని గీసింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె గీత ఎప్పుడూ ఒక పక్కకి వాలి ఉండేది. రెబ్బెకమ్మ గీత కాగితం చిరిగేంత గట్టిగా ఉండేది. కొన్నాళ్ళకి నేను గీత చూసి మనిషి పేరు చెప్పేదాన్ని. అలా రెండు క్యాలెండర్లు నిండాయి, మూడోది గోడ మీదికి ఎక్కింది. పాతవి చుట్టి బీరువా పైన పెట్టాను. ఎందుకు దాచానంటే ఏం చెప్పను, గీతలున్న కాగితం పారేయబుద్ధి కాలేదు.

మూడో ఏడు మస్తానమ్మకి పెద్ద పని దొరికింది. ఒక నర్సింగ్ కాలేజీ హాస్టల్‌కి అరవై పరుపులు. ఇంతకుముందు ఒకటీ రెండూ కుట్టిన మనిషి. ఆ రోజు ఆమె షెడ్డులో దబ్బనం చేత్తో పట్టుకుని నిలబడి, "అక్కా, ఇది సరిగ్గా చేసిస్తే వాళ్ళే వేరే హాస్టళ్ళకి చెప్తారంట" అని ఒకటికి నాలుగుసార్లు అంది. ఆడవాళ్ళంతా పని పంచుకున్నారు. కుట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు తనిఖీ వచ్చింది. పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసర్ గారు, మధ్యాహ్నం మూడింటికి. ఆ వేళకి షెడ్డులో పిల్లి కూడా ఉండదు. ఊడ్చి, మెషిన్ మీద గుడ్డ కప్పి ఉంచాను, మెరిసిపోతోంది. శుభ్రంగా ఉంచడం కూడా నేరమైంది. "వాడుతున్నట్టే లేదే" అన్నాడాయన. సొరుగు తాళం తీయించి రిజిస్టర్ తిప్పాడు. "నెలంతా కలిపి ఆరుగురా?" అన్నాడు. ఆ ఆరుగురూ మేనేజర్ గారితో టీ తాగడానికి వచ్చేవాళ్ళే.

నేను గుమ్మం దగ్గరే నీళ్ళ గ్లాసులు పట్టుకుని ఉన్నాను. "పొద్దున్నే వస్తారండీ" అన్నాను. మేనేజర్ గారు నా వైపు చూడకుండానే, "మా అటెండర్‌కి చదువు రాదు సార్. వచ్చినవాళ్ళ చేత రాయించే దిక్కు లేదు. ఏం చేస్తాం?" అన్నాడు.

గ్లాసులు కింద పెట్టేశాను. విసరలేదు. ఇప్పటికీ అనిపిస్తుంది, విసరాల్సింది.

నెల తిరక్కుండా, ఇరవై పరుపులు పూర్తయ్యేసరికి కాగితం వచ్చింది. ఫుట్‌ఫాల్ లేదు, ఫండ్ ఆపేస్తున్నాం, సెంటర్ మూసేస్తున్నాం, మెషిన్లకి శుక్రవారం సీలు. ఫుట్‌ఫాల్ అంటే ఏమిటని అడిగాను. వచ్చిపోయే జనం అని చెప్పారు. జనం రాలేదట! నేను రోజూ తుడిచిన పాదాల గుర్తులు ఎవరివి మరి? దయ్యాలవా?

మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళాను. "సార్, రోజూ వచ్చిన ఆడవాళ్ళ సంగతి ఏంటండీ?"

"రికార్డులో ఉన్నారా?"

"రికార్డు మీ సొరుగులో ఉంటే వాళ్ళెట్టా ఉంటారండీ?"

ఆయన మొహం ఎర్రబడింది. "అసలు ఆరున్నరకి ఆఫీసు తెరవమని నీకు ఎవరు చెప్పారు? నేను రాసిచ్చానా? గట్టిగా మాట్లాడితే నీ మీదే వస్తుంది, చూసుకో."

రాసిచ్చానా అని చదువు రానిదాన్ని అడుగుతున్నాడు. ఆయనకి బదిలీ ఖాయమైపోయింది. ఇంకో ఊళ్ళో ఇంకో సెంటర్, ఇంకో సొరుగు. ఆయనకి పోయిందేం లేదు.

మస్తానమ్మకి చెబితే ఏడవలేదు. మూట మీద కూర్చుని కాసేపు దబ్బనానికి దారం ఎక్కిస్తూ, తీస్తూ ఉంది. "ఇంకా నలభై ఉన్నయ్యి. ఇంట్లోనే ఏకుతా, ఇంకేం జేస్తా" అంది.

"మరి బాషా గారు?"

"పగలు మసీదు అరుగు మీద కూర్చోమంటా. చీకటి పడ్డాక మాత్రం ఆ ధూళిలోకే గదా రావాల. పని మానేస్తే తిండి లేదు, చేస్తే ఆయన లేడు. నువ్వే చెప్పక్కా, ఏది ఒప్పుకోను?"

బీరువా పైనున్న రెండు క్యాలెండర్లూ, గోడ మీదున్న మూడోదీ దింపాను. పరుపు గుడ్డ ముక్కలో చుట్టాను. మరుసటి రోజు పదకొండుమంది ఆడవాళ్ళూ నేనూ బెంజ్ సర్కిల్ దగ్గర ఆ పై ఆఫీసుకి వెళ్ళాం. మూడో అంతస్తు. అపాయింట్‌మెంట్ లేదు. అక్కడి గుమ్మం దగ్గర నా వయసు అటెండర్ ఒకతను ఉన్నాడు. నా చేతిలో మూట చూశాడు, నా కాళ్ళ వైపు చూశాడు.

"మీరూ అటెండరేనా అమ్మా?" అన్నాడు.

"ఎట్టా తెలిసింది బాబూ?"

"కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు మీరు. సారు లంచ్‌కి లేవడానికి పది నిమిషాలుంది. నేను నీళ్ళకెళ్తా. తలుపు వేయడం మర్చిపోతా."

దూరాం. తనిఖీకి వచ్చిన ఆ ఆఫీసర్ గారే తలెత్తి పన్నెండుమంది ఆడవాళ్ళని చూసి కంగారుపడ్డాడు. నేను మూట విప్పి మూడు క్యాలెండర్లూ ఆయన ఫైళ్ళ మీదే పరిచాను.

"ఇవేంటమ్మా?"

"మీరు రాలేదన్న మనుషులు సార్."

ఆయన ఒక్కో పేజీ తిప్పాడు. "ఇవి గీతలమ్మా."

"మనిషికొకటండీ. ఎవరిది వాళ్ళే గీశారు."

"ఎవరైనా ఇంట్లో కూర్చుని ఎన్ని గీతలైనా గీసుకోవచ్చు. ఇది రికార్డు కాదు" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

అప్పుడు మస్తానమ్మ ముందుకొచ్చింది. ఆయన టేబుల్ మీది పెన్ను ఎడమ చేత్తో తీసుకుంది, అడగలేదు. క్యాలెండర్ అంచున తెల్లగా ఉన్నచోట ఒక గీత గీసింది. పొడుగ్గా, పక్కకి వాలి. "ఇది నేను సార్. ఇదిగో, ఇక్కడా నేనే. రంజాన్ నెల మొదటి రోజు, ఇక్కడా నేనే. ఈ వారంలో నేను లేను చూడండి, మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు" అంటూ పేజీ తర్వాత పేజీ వేలు పెట్టి చూపించింది. వాలిన గీత ఉన్న ప్రతిచోటా ఆమె వేలు ఆగింది.

వెనకాల రెబ్బెకమ్మ, "జరుగమ్మాయ్, నన్నూ గీయనీ" అంది. గీసింది. కింద ఫైలు అట్ట మీద కూడా ముద్ర పడింది. ఆఫీసర్ గారు పాత పేజీని వెనక్కి తిప్పి వేలితో తడిమి చూశాడు. ఆ గుంట అక్కడా తగిలింది.

ఆయన ఆ పేజీ వదిలి, "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? ఫిర్యాదుల పెట్టె ఉంటుందిగా?" అన్నాడు.

"ఉందండీ. దాని తాళం కూడా ఆ సొరుగులోనే ఉంది."

ఆయనకి నవ్వు రాబోయి ఆగిపోయింది. నా కోపానికి ఆ నవ్వు ఆగడమే మంచిదైంది. "ఫండ్ నా చేతిలో లేదు, పైనుంచే ఆగింది. మీరంతా రాసిస్తే పైకి పంపుతాను" అన్నాడు.

"రాత లేదనే గదండీ మూసేశారు. మళ్ళీ రాయమంటారేంటి? కళ్ళెదురుగా నిలబడ్డాం గదా, చూశామని మీరు రాయండి" అన్నాను. ఇంత మాట నేను జన్మలో ఏ ఆఫీసర్నీ అనలేదు. ఉద్యోగం ఎలాగూ పోయిందిగా, భయం కూడా దాంతోపాటే పోయింది.

ఆయన క్యాలెండర్లు చుట్టి నా చేతికి ఇచ్చాడు. "సీలు పది రోజులు ఆపిస్తాను. ఈలోపల మీ పని చేసుకోండి. కానీ కాగితం ఇవ్వలేను, నోటిమాటే" అన్నాడు.

చూశారా? ఆయన చేసిన ఆ కాస్త మంచి పని కూడా కాగితం మీద లేదు. రేపెవరైనా అడిగితే ఆ పది రోజులు కూడా జరగలేదనే అంటారు.

ఆ పది రోజులూ షెడ్డు తిరునాళ్ళలా ఉంది. గాలి లేవకముందే దూది, ఎండెక్కాక కుట్టుపని. బాషా గారు ఒకరోజు ఆటోలో వచ్చి గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గొట్టం ధూళిని లాగేస్తుంటే లోపలికి తొంగిచూసి, "ఇది మా నాన్న కాలంలో ఉంటేనా..." అన్నాడు. రోజంతా కూర్చున్నా ఒక్కసారీ దగ్గలేదు.

మేనేజర్ గారు వెళ్ళిపోతూ సొరుగు తెరిచే వదిలేశాడు. రిజిస్టర్ అందులోనే ఉంది. మస్తానమ్మ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది.

"రాయక్కా."

"మూసేసిన సెంటర్‌కి రిజిస్టర్ ఎందుకే?"

"మూసినోళ్ళకి కాదు. మేం వచ్చామని. నువ్వే రాయాల. నేను చెప్తా."

మొదటి రోజు ఆమె పేరొక్కటే రాయగలిగాను. 'స్తా' దగ్గర పెన్ను మొరాయించింది, మూడుసార్లు కొట్టేశాను. రెండో రోజు రెబ్బెకమ్మ పక్కన కూర్చుని తన పేరు నేర్పింది. ఆమె నేర్పడం కూడా ఆమె గీతలాంటిదే, నా వేళ్ళు నొప్పిపుట్టాయి. పదో రోజుకి పదకొండు పేర్లూ చూడకుండా రాశాను. అరవయ్యో పరుపు ట్రాలీ ఆటో ఎక్కాక వాళ్ళంతా వచ్చి ఎవరి పేరు పక్కన వాళ్ళు సంతకం పెట్టారు. ఆ పుస్తకంలో నిండిన పేజీలు అవే. కాగితం ప్రకారం ఆ రోజుల్లో అక్కడ సెంటరే లేదు.

సీలు వేయడానికి వచ్చినవాళ్ళు మెషిన్లన్నీ రాసుకున్నారు. రిజిస్టర్ ఇస్తే, "ఇది లిస్టులో లేదమ్మా, నువ్వే ఏదైనా చేసుకో" అన్నారు. అది నా దగ్గరే ఉంది.

మెషిన్లని గోడౌన్‌కి తరలిస్తామన్నారు, ఆ బండి రాలేదు. కార్డింగ్ మెషిన్ ఇప్పటికీ ఆ షట్టర్ వెనకే ఉంది. పక్క సందులోంచి కిటికీ సందులో చూస్తే నేను కప్పిన గుడ్డ కనిపిస్తుంది. మస్తానమ్మకి రెండో హాస్టల్ పని కూడా వచ్చింది. అది ఒంటిగదిలోనే చేసింది. బాషా గారు పగలంతా మసీదు అరుగు మీద, తర్వాత ధూళిలో. ఆయన దగ్గు వీధి మొదట్లోకే వినపడుతుంది. ఆ గొట్టం మాత్రం షట్టర్ వెనక చీకట్లో గోడ వైపు తిరిగి ఉంది, ఎవరి ధూళీ పీల్చకుండా. డబ్బు లేక ఆగిందంటే సర్దుకునేదాన్ని. కొన్న మెషిన్, ఉన్న మనుషులు, మధ్యలో ఒక సొరుగు తాళం.

సిగ్గుపడి నోరు మూసుకోవడం ఎంత పని చేస్తుందో నాకు ఆ సెంటర్‌లో తెలిసింది. రెండో నెలలో నవ్విన ఆ ఇద్దరికి భయపడకుండా, 'నాకు రాకపోతే నేర్పండి, పుస్తకం మాత్రం గుమ్మంలో పెట్టండి' అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఇంకో ఆఫీసులో చేరాను, అదీ అవుట్‌సోర్సింగే. మొదటి రోజు తాళాలు ఇస్తుంటే అక్కడి మేడమ్‌ని అడిగాను, "వచ్చినవాళ్ళ పేర్లు రాసే రిజిస్టర్ ఎక్కడుంటుందండీ?"

"నా రూములో. ఎందుకు?"

"గుమ్మం దగ్గర పెట్టండి. నేను రాస్తాను."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "నీకు రాయడం వచ్చా?"

"పదకొండు పేర్లు వచ్చండీ" అన్నాను. "మిగతావి వచ్చినవాళ్ళే నేర్పుతారు."